మసక కాసుకు మెరుగు పెట్టించకండి

ప్రశ్న: మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక పల్లె. కిందటేడు మా అత్తగారు కాలం చేశారు. ఆవిడ ట్రంకు పెట్టెలో కాసుల పేరుతో పాటు, విడిగా గుడ్డలో చుట్టిన కాసు ఒకటి దొరికింది. ఒకవైపు ఎడ్వర్డు రాజు తల, మరోవైపు గుర్రం మీద వీరుడు, కింద 1902 అని ఉంది. కాసుల పేరులోని వాటిలా ఇది మెరవదు. సన్నటి పిండి చల్లినట్టు మసకగా ఉంటుంది. 1996 తుపానులో ఆ పెట్టె నీళ్లలో నానిందట, అందుకే కళ తప్పిందని మావారు అంటారు. మాకు తెలిసిన ఆచారి గారు మెరుగు పెట్టి కొత్తదానిలా చేసి ఇస్తానన్నారు. అమ్మదలిస్తే ఎనిమిది గ్రాముల ధర కట్టి ఇస్తానని కూడా అన్నారు. అమ్మేసి చెరిసగం తీసుకుందామని మా ఆడపడుచు అంటోంది. ఇంజనీరింగు చదివే మా అబ్బాయి మాత్రం ఇలా మసకగా ఉండేవి ప్రూఫ్ నాణేలని, అరుదైనవని చెప్పి అడ్డుపడుతున్నాడు. అంతటితో ఆగక, రకరకాల మెరుగులున్న బంగారు ప్రూఫ్ నాణేలు సేకరిస్తాననీ, అమెరికాలో ఉన్న మా తమ్ముడి చేత 2006 నాటి ‘రివర్స్ ప్రూఫ్’ ఒకటి తెప్పించమనీ పేచీ పెడుతున్నాడు. వాడి మాట వినమంటారా?
– ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, ముందు ఆచారి గారికి ఫోను చేసి మెరుగు మాట ఆపమని చెప్పండి. కాసు ఇప్పటికే ఆయన దగ్గర ఉంటే ఈ పూటే వెనక్కి తెచ్చుకోండి. ఒకసారి మెరుగు పెట్టాక అది ప్రూఫా కాదా అని తేల్చుకునే దారి మూసుకుపోతుంది. బంగారం ఎక్కడికీ పోదు, బరువూ పెద్దగా తగ్గదు. పోయేది పై పొర మాత్రమే. మీ అబ్బాయి గొడవంతా ఆ పొర గురించే.

ఆచారి గారిని తప్పుపట్టడం లేదు. ఆయన వృత్తిలో కాసంటే బరువు, నాణ్యం, అంతే. నిజానికి ఆయన చెప్పింది న్యాయమైన ధరే. ఈ నాణెం పేరు సావరిన్. దీని బరువు 7.988 గ్రాములు, 22 కారెట్లు. అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. ఎనిమిది గ్రాములకు లెక్క కట్టారంటే మీకు కాస్త మొగ్గు చూపినట్టే. మెరుగు పెట్టి ఇస్తాననడమూ మీ మంచి కోరే. నగకు అది మంచిది, ఇలాంటి నాణేనికి మాత్రం చెరుపు.

ఇక 1902 సంగతి. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. కొడుకు ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి 1902 జూన్ 26న ముహూర్తం పెట్టారు. తీరా రెండు రోజుల ముందు రాజుగారి కడుపుకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చి, వేడుక ఆగస్టు 9కి వాయిదా పడింది. ఆ పట్టాభిషేకం పేరుతో లండన్ మింటు (నాణేలు కొట్టే టంకశాల) సేకర్తల కోసం ప్రత్యేకంగా నాణేల సెట్లు తయారుచేసింది. పెద్ద సెట్టులో ఐదు పౌన్ల బంగారు నాణెం నుంచి చిన్న వెండి పెన్నీ దాకా 13 నాణేలు ఉంటాయి. అందులో సావరిన్ ఒకటి.

ప్రూఫ్ అంటే చలామణీ కోసం కాక, చూసుకుని దాచుకోవడానికి కొట్టిన నాణెం. దానికి అచ్చులను ప్రత్యేకంగా సిద్ధం చేస్తారు, ఒత్తే బిళ్లలను ఏరి శుభ్రం చేస్తారు, మామూలు వాటికన్నా ఎక్కువ బలంతో ఒత్తుతారు. సాధారణంగా ప్రూఫ్‌లో బొమ్మకూ అక్షరాలకూ మధ్య ఉండే ఖాళీ జాగా అద్దంలా మెరుస్తుంది. 1893 నాటి బ్రిటిష్ ప్రూఫ్‌లు అలాగే ఉంటాయి. 1902లో మింటు దానికి పూర్తిగా ఎదురు వెళ్లింది. అచ్చుల మీద సన్నటి ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి, వాటి ముఖాన్ని గరుకు చేసింది. ఆ అచ్చులతో ఒత్తిన నాణెం రెండు వైపులా, బొమ్మ మీదా ఖాళీ జాగాలోనూ ఒకే తీరు మసకతో వచ్చింది. దాన్నే మ్యాట్ ప్రూఫ్ అంటారు. ఇది చాలామంది కంటికి ఆనలేదు. ఇంట్లో గుడ్డతో రుద్ది మెరిపించి పాడుచేసుకున్న 1902 ప్రూఫ్‌లు ఈనాటికీ అమ్మకానికి వస్తుంటాయి. కాబట్టి మెరుగు పెట్టాలన్న ఆలోచన మీ ఇంట్లోనే పుట్టిందనుకోకండి.

అంకెలు కూడా చూడండి. 1902 మ్యాట్ ప్రూఫ్ సావరిన్లు సుమారు 15 వేలు. అదే ఏడాది లండన్‌లో చలామణీ కోసం కొట్టిన సావరిన్లు 47 లక్షల పైచిలుకు. సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ మింట్లవి వీటికి అదనం. పైగా 1899 చట్టంతో సావరిన్ మన దేశంలో 15 రూపాయల లెక్కన చెల్లుబాటు అయింది. ఆ రోజుల్లో ఇవి ఇక్కడికి లక్షల్లో వచ్చాయి. ఆనకట్ట నీళ్లతో వరి పండిన మన డెల్టా ఇళ్లలో అలాంటి కాసు ఉండటం వింతేమీ కాదు, ప్రూఫ్ ఉంటేనే వింత. అందుచేత మీది మామూలు సావరిన్ అయ్యే అవకాశమే ఎక్కువని మనసును సిద్ధం చేసుకోండి. అయినా మీరు రాసిన ‘సన్నటి పిండి చల్లినట్టు’ అన్న మాట చదివాక, చూడకుండా వదిలేయమని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు.

చూసే పద్ధతి చెబుతాను. మంచం మీద మెత్తటి దుప్పటి పరిచి, దాని మీదుగానే పట్టుకోండి, జారితే నేల మీద పడకూడదు. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. కాసును బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచులతో మాత్రమే పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడకూడదు. మ్యాట్ పొర గరుకుగా ఉంటుంది కనుక వేలి జిడ్డు అందులో దిగి కూర్చుంటుంది, తరవాత వదలదు. గదిలో మిగతా దీపాలు ఆర్పి, ఒకే ఒక్క బల్బు కింద చూడండి. గడియారాలు బాగుచేసేవారి దగ్గర ఉండే పది రెట్ల భూతద్దం దొరికితే మరీ మంచిది.

మొదట గుర్రం వీరుడి వైపు తిప్పండి. తేదీకి పైన, గుర్రం కాళ్ల కింద నేలగా గీసిన గీత ఉంటుంది. ఆ గీత మీద నడిమధ్యన చిన్న అక్షరం ఏదైనా ఉందా? ‘ఎస్’ ఉంటే సిడ్నీ, ‘ఎం’ ఉంటే మెల్‌బోర్న్, ‘పి’ ఉంటే పెర్త్. ఈ మూడింటిలో ఏది కనబడినా పట్టాభిషేకం సెట్టు ఆశ వదులుకోవచ్చు. ఏమీ లేకపోతే లండన్‌ది. అప్పుడు ముందుకు వెళ్దాం.

ఇప్పుడు కాసును బల్బు కింద మెల్లగా అటూ ఇటూ వంచండి. చలామణీ నాణెం అరగకుండా ఉంటే, వెలుగు చారలు దాని ముఖం మీద గిర్రున తిరుగుతాయి. అద్దం ప్రూఫ్ అయితే ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో కళ్లు చెదిరేలా ఉంటుంది. మ్యాట్ ప్రూఫ్‌లో ఈ రెండూ ఉండవు. ఎటు వంచినా వెలుగు ఒకేలా పరుచుకుని ఉంటుంది.

సరే, చారలు తిరగలేదనుకుందాం. అంతమాత్రాన సంబరపడకండి. అరిగిన కాసులోనూ తిరగవు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. మెరుపు ఎక్కడ మిగిలి ఉందో చూడాలి. చేతులు మారి అరిగిన మామూలు కాసులో ఎత్తైన భాగాలు, అంటే రాజుగారి చెంప, గడ్డం, చెవి పైన జుట్టు, అవతలివైపు వీరుడి భుజం, గుర్రం రొమ్ము, ముందు కళ తప్పి నున్నబడతాయి. అక్షరాల సందుల్లో, గుర్రం కాళ్ల మధ్య మాత్రం పాత మెరుపు దాక్కుని ఉంటుంది. మ్యాట్ ప్రూఫ్‌లో దీనికి తలకిందులు. సందుల్లో మసక చెక్కుచెదరదు, గుడ్డ రాపిడి తగిలిన చెంప మీదా గడ్డం మీదా చిన్న చిన్న మెరుపు మచ్చలు లేస్తాయి. మీ కాసును గుడ్డలో చుట్టి ఏళ్ల తరబడి పెట్టెలో ఉంచారు కనుక, అది అసలైన మ్యాట్ అయితే అలాంటి మచ్చలు ఒకటో రెండో ఉండవచ్చు. ఉన్నా కంగారు పడవద్దు.

మీవారు అన్న తుపాను మాట కొట్టిపారేయదగ్గది కాదు. బంగారానికి నీళ్ల వల్ల ఏమీ కాదు గానీ, బురద నీరు ఆరిపోయాక సన్నటి పొర మిగిలిపోవచ్చు. అయితే ఆ పొర అంతటా సమానంగా ఉండదు. అక్షరాల చుట్టూ, అంచు మలుపులో పేరుకుంటుంది, ఎత్తుల మీద పలచబడుతుంది, రంగులోనూ తేడా కనిపిస్తుంది. 22 కారెట్లలో మిగిలిన పాలు రాగి కనుక ఎర్రటి చుక్కలు కూడా పడవచ్చు. ఇలాంటివి కనబడినా మీరు తోమకండి. కుంకుడు రసం, పళ్ల పొడి, చింతపండు, నిమ్మకాయ ఏదీ వద్దు. నాణేలు తెలిసినవారు స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా తీసి ఆరబెడతారు. జిడ్డూ జిగురూ కరుగుతాయి, బంగారానికి ఏమీ కాదు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో అసిటోన్ ఉంటుంది కదా అని అది వాడకండి. అందులో నూనెలు, వాసనలు కలుపుతారు. అసలు అసిటోన్ త్వరగా అంటుకుంటుంది కూడా, వంటింట్లో చేసే పని కాదు.

ఇంకొక అనుమానం మిగిలింది, మోసం. మామూలు 1902 కాసును ఆమ్లంలో ముంచి గానీ, ఇసుక చిమ్మి గానీ మసకబార్చి మ్యాట్ ప్రూఫ్ అని అమ్మేవారు ఉన్నారు. మీ అత్తగారి పెట్టెలో దొరికినదానికి ఈ బెడద తక్కువే. రేపు మీ అబ్బాయి బయట కొనబోతే మాత్రం ఇది తెలిసి ఉండాలి. భూతద్దం కింద గీతలను వెతకాలి. అసలైన మ్యాట్ మీద గీత పడితే ఆ గీత మసకను కోసుకుంటూ పోతుంది, దాని అడుగు మెరుస్తుంది. నకిలీలో ముందే సంచుల్లో దెబ్బలు తిన్న కాసును తరవాత మసక చేశారు కనుక, గీతలూ గుంటలూ కూడా లోపలిదాకా మసకగానే ఉంటాయి. జుట్టు పాయలు, అక్షరాల అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. అసలైనదానిలో అంచు చురుగ్గా, చదరంగా నిలబడి ఉంటుంది. ఇసుక పడింది అచ్చు మీద గానీ నాణెం మీద కాదు కనుక అసలైన ప్రూఫ్ బరువు ఏమాత్రం తగ్గకూడదు. వందో వంతు గ్రాము చూపించే తూకంలో 7.98, 7.99 దగ్గర ఉండాలి. సావరిన్ చలామణీలో చెల్లడానికి ఉండవలసిన కనీస బరువే 7.938 గ్రాములు. అంతకన్నా తక్కువ తూగితే అరిగిందో, ఎవరో ఏదో చేశారో అన్నమాట.

తూకానికి షాపుకు తీసుకెళ్లినప్పుడు గీటురాయి మీద గీయనివ్వకండి. మనవాళ్లు అలవాటుగా ఒక్క గీత గీసి చూస్తారు. ఆ ఒక్క గీతకే అంచు దెబ్బతింటుంది. ఇప్పుడు పెద్ద షాపుల్లో కారెట్ మెషీన్ ఉంటుంది, అందులో పెడితే నాణేనికి దెబ్బ తగలకుండా నాణ్యం తేలుతుంది. అయితే నాణ్యం బాగుందంటే నాణెం అసలుదని అర్థం కాదు. 1950, 60లలో లెబనాన్‌లో సరైన బంగారంతోనే నకిలీ సావరిన్లు కుప్పలుగా కొట్టారు. మన వైపు కాసుల పేర్ల కోసం రాజు తల అచ్చు వేసిన కాసులు కూడా ఉంటాయి. అవీ మంచి బంగారమే కావచ్చు, మింటువి మాత్రం కావు.

కాసుల పేరు మాట వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. అందులోవి నిజమైన సావరిన్లే అయినా కొక్కెం అతికినవి కనుక సేకర్తలకు పనికిరావు, బంగారం ధరే. కొందరు ఆ కొక్కెం తీసేసి, అతుకు అరగదీసి విడి నాణెంగా అమ్ముతారు. రాజు తల పైన, గడియారంలో పన్నెండు ఉండే చోట అంచు మీది నిలువు గీతలు చెరిగిపోయి ఉంటే అదే. మీ విడి కాసుకు కూడా అక్కడ ఒకసారి చూడండి. కుతూహలం కొద్దీ పేరులో 1918 తేదీ కాసుల కోసం వెతకండి. తేదీ పైన ‘ఐ’ అక్షరం ఉంటే అది బొంబాయిలో కొట్టిన సావరిన్. బ్రిటిష్ పాలనలో మన గడ్డ మీద ఆ ఒక్క ఏడాదే సావరిన్లు కొట్టారు, సుమారు 13 లక్షలు. కొక్కెం ఉన్నా ఇంటి జ్ఞాపకంగా చెప్పుకోవడానికి బాగుంటుంది.

అన్నీ కుదిరి మీది మ్యాట్ ప్రూఫే అని తేలిందనుకోండి. ఎంత వస్తుంది? బంగారం ధర మీద చెప్పుకోదగ్గ మొత్తం అదనంగా వస్తుంది. ఇల్లు కట్టేంత రాదు. 15 వేలు కొట్టారు కదా, సేకర్తలు దాచుకున్నారు కదా, అప్పుడప్పుడూ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. మెరుపు మచ్చలు లేని శుభ్రమైన పొరకే మంచి ధర. అదే సెట్టులోని ఐదు పౌన్ల నాణెం సంగతి వేరు. ఫోనులో కనిపించే పెద్ద పెద్ద మొత్తాలు చాలావరకు అడిగిన ధరలే. వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలను చూడమని అబ్బాయికి చెప్పండి.

నిర్ధారణ కోసం అమెరికాలోని పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలకు పంపి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయించుకోవచ్చని మీ అబ్బాయి చదివే ఉంటాడు. మీ కాసు విషయంలో ఆ పని చేయకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికీ అది అనుమతించిన సంస్థకే తప్ప మామూలు వ్యక్తులకు లేదు. తమ్ముడు వచ్చినప్పుడు జేబులో వేసి పంపిద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపేయండి. ముంబయి, బెంగళూరుల్లో నాణేల వేలం సంస్థలు ఉన్నాయి. రెండు వైపులా, అంచునూ ఫొటోలు తీసి ముందు వాటికి పంపండి. ఫ్లాష్ వేయకండి. ఒక పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుగులో తీస్తేనే పొర తెలుస్తుంది.

అంతవరకూ దాచడం ఎలా? ఆ గుడ్డ తీసేయండి. షాపులో ఇచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవరులోనూ పెట్టకండి. వాటిలో పీవీసీ ఉంటే, మన సముద్రపు గాలికీ ఉక్కకూ కొన్నాళ్లకు ఆకుపచ్చ జిగురు వదులుతాయి. 22 మిల్లీమీటర్ల నాణేనికి సరిపోయే గట్టి యాక్రిలిక్ క్యాప్సూల్ తెప్పించుకోండి, చవకే. దాన్ని డబ్బాలో పెట్టి, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి లాకరులో ఉంచండి. వానాకాలం ముందూ తరవాతా పొట్లం మార్చండి. మరొక మాట, శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి కాసు పెట్టే ఆనవాయితీ మీ ఇంట్లో ఉండే ఉంటుంది. పసుపు, కుంకుమ ఆ గరుకు పొరలో దిగితే మళ్లీ రావు. అమ్మవారి దగ్గర పేరులోని కాసు పెట్టుకోండి, ఇది వద్దు.

ఆడపడుచు గారి సంగతికి వస్తాను. అబ్బాయి అనుమానం ఆవిడకు ఇంకా చెప్పలేదని మీ ఉత్తరం చూస్తే అనిపించింది. ఇవాళే చెప్పండి. బంగారం ధరకు సగం ఆవిడ చేతిలో పెట్టి కాసు మీరు ఉంచుకుని, ఆరు నెలలకు అది ప్రూఫ్ అని తేలితే, వచ్చే డబ్బు కన్నా వచ్చే మాట పెద్దదవుతుంది. బరువు, ఫొటోలు, ఎవరి దగ్గర ఉందన్నది ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. తేలేవరకూ అమ్మకం లేదు, తేలాక ఏ ధర వచ్చినా చెరిసగం. మామూలుదని తేలితే ఆచారి గారు చెప్పిన లెక్కకే మీలో ఒకరు ఉంచుకుని రెండోవారికి సగం ఇవ్వవచ్చు. అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉంటుంది. వారసత్వంగా వచ్చింది, 2001కి ముందే ఇంట్లో ఉంది కనుక, 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా లెక్కించుకునే వీలుంది. ఆడిటరును అడగండి.

ఇక అబ్బాయి సరదా. ఈ అభిరుచిని నేను ఆపమనను, వాడు పట్టుకున్న కొస మంచిది. వింత మెరుగుల బంగారు ప్రూఫ్‌లలో చరిత్ర ఉంది. అమెరికాలో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పట్టుబట్టి బంగారు నాణేలకు కొత్త రూపాలు వేయించాడు. శిల్పి ఆగస్టస్ సెయింట్ గాడెన్స్ గీసిన 20 డాలర్ల నాణెం 1907లో వచ్చింది. దాని ఖాళీ జాగా చదునుగా ఉండదు, అందుకే పాత పద్ధతిలో అచ్చును అద్దంలా సానపట్టడం కుదరలేదు. దాంతో ఫిలడెల్ఫియా మింటు 1908లో నాణేలను ఒత్తిన తరవాత వాటి మీదే ఇసుక చిమ్మి ముదురు మసకతో ప్రూఫ్‌లు అమ్మింది. కొనేవారు మొహం చిట్లించారు. 1909, 1910లలో ఇసుక మానేసి, ఒత్తినప్పుడు వచ్చిన పట్టులాంటి లేత మెరుపునే ఉంచింది. దాన్ని రోమన్ ఫినిష్ అంటారు. అదీ నచ్చలేదు. 1911 నుంచి మళ్లీ ఇసుకకే వచ్చి, 1915తో ఈ బంగారు ప్రూఫ్‌లను ఆపేసింది. 1915 నాటి 20 డాలర్ల ప్రూఫ్‌లు కొట్టింది 50. ఆనాడు ఎవరికీ పట్టని నాణేలు ఇప్పుడు కోటీశ్వరుల మధ్య పోటీగా మారాయి. చదవడానికీ ఫొటోలు చూడటానికీ మనవి, కొనడానికి కావు.

వాడు అడుగుతున్న రివర్స్ ప్రూఫ్ అద్దం ప్రూఫ్‌కు తారుమారు. బొమ్మ అద్దంలా మెరుస్తుంది, ఖాళీ జాగా మంచు పట్టినట్టు మసకగా ఉంటుంది. 2006లో అమెరికా వారి గోల్డ్ ఈగిల్ అనే బంగారు నాణేనికి ఇరవయ్యేళ్లు నిండినప్పుడు మూడు నాణేల సెట్టులో ఒకటిగా దీన్ని తెచ్చారు. పదివేల సెట్లకే పరిమితం చేశారు. వెస్ట్ పాయింట్ మింటు గుర్తు ‘డబ్ల్యూ’ ఉంటుంది. చూడటానికి నిజంగానే అందమైన నాణెం. కానీ అమ్మా, దాని బరువు 33.93 గ్రాములు, అంటే నాలుగు కాసుల పైమాటే. దాని మీద అరుదుకు అదనపు ధర. చదువుకునే కుర్రాడి మొదటి నాణెం అది కాకూడదు. డబ్బు లేక అని కాదు, వాడి కంటికి ఇంకా తర్ఫీదు లేదు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి అద్దాన్నీ మసకనూ గుర్తుపట్టడం కష్టం. వెలుగు పడే కోణాన్ని బట్టి అద్దం నల్లగానూ పడుతుంది, తెల్లగానూ పడుతుంది. సీలు డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి. డబ్బా మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో వెతికి, అక్కడి ఫొటోతో నాణేన్ని పోల్చకుండా పైసా పంపకూడదు.

పెట్టుబడి అన్న మాట కూడా వాడి నోట వినిపిస్తే నమ్మకండి. మింటు నుంచి కొత్తగా వచ్చే ప్రత్యేక నాణేలకు మొదట్లో ఉండే హడావిడి తగ్గాక చాలావాటి ధర బంగారం దగ్గరికే జారుతుంది. బంగారం బాగా పెరిగినప్పుడు అదనపు ధర ఇంకా కుంచించుకుపోతుంది. 2006 నాటిది పదివేలే కనుక కొంత నిలబడింది. 2013లో అమెరికా వారి 24 కారెట్ల బఫెలో నాణేనికి వచ్చిన రివర్స్ ప్రూఫ్ ఆ స్థాయిలో అరుదు కాదు.

నా సలహా ఇది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్‌పీఎంసీఐఎల్ స్మారక నాణేలను ప్రూఫ్ సెట్టుగానూ, యూఎన్‌సీ (చలామణీలోకి వెళ్లని, మామూలు మెరుగు) సెట్టుగానూ అమ్ముతుంది. ఒకే నాణేన్ని రెండు రకాల్లోనూ కొనివ్వండి. బంగారంతో పోలిస్తే చాలా తక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకే బల్బు కింద వంచి వంచి చూడమనండి. బొమ్మ మీది మసక ఎక్కడ ఆగుతుందో, అద్దం ఎక్కడ మొదలవుతుందో భూతద్దంలో గీత గీసినట్టు కనబడాలి. హైదరాబాదు వెళ్లినప్పుడు సైఫాబాదులోని పాత మింటు భవనంలో మ్యూజియం ఉంది, చూసి రమ్మనండి. ఒక ఏడాది గడిచాక కూడా అదే ఉత్సాహం ఉంటే, అప్పుడు తెలిసినవారి దగ్గర ఒక చిన్న బంగారు ప్రూఫ్, అర సావరిన్ లాంటిది కొనవచ్చు. అది 3.99 గ్రాములే.

తమ్ముడి గారి చేత తెప్పించే మాట ఎప్పటికైనా నిజమైతే ఒక్కటి గుర్తుంచుకోమనండి. విదేశాల్లో ఉండి వచ్చేవారికి కస్టమ్స్ ఇచ్చే మినహాయింపు నగలకే గానీ నాణేలకు వర్తించదు. బిల్లు దగ్గర పెట్టుకుని, విమానాశ్రయంలో రెడ్ చానెల్‌కు వెళ్లి, సుంకం కట్టి తీసుకురావాలి. ఆ సుంకం కూడా కలిపాక ధర ఎంతైందో లెక్క వేసి, ఆ కాగితాన్ని మీ అబ్బాయికే ఇవ్వండి.